చేటలో పది రాళ్లు

ఈ ఉదయం వంటింట్లో నా భార్య కందిపప్పు చెరుగుతోంది. చేట మీద పప్పు జారే సన్నని చప్పుడు వినగానే చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆరేళ్ల కిందట, 1979లో, తాండూరు దవాఖానా గదిలో ఇదే చప్పుడు విన్నాను. అప్పుడు అక్కడ ఉన్నవాళ్లు: నేను, నర్సు ఖైరున్నీసా ఆపా, పప్పుమిల్లు కూలీ మాణెమ్మ, ఆమె మొగుడు నర్సప్ప, మిల్లు మున్షీ. ఉన్న వస్తువులు: బల్ల, చేట, సోలెడు కందిపప్పు, పది గులకరాళ్లు, నేను రాసిన జాబితా. తప్పు ఆ జాబితాలో ఉంది.

అప్పుడే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి వికారాబాదులో ఒక డాక్టరుగారి దగ్గర చేరాను. మూర్ఛరోగులను పగటిపూట నిద్రపుచ్చి, తలకు తీగలు తగిలించి, మెదడు అలలను కాగితం మీద గీసే యంత్రం నా చేతిలో ఉండేది. ప్రతి బుధవారం డాక్టరుగారితో పాటు పాసింజరులో తాండూరు వెళ్లి, నిద్రమాత్రలు వాడేవాళ్ల వివరాలు రాసేవాణ్ని. అక్కడి గది ఆపా ఏలుబడిలో ఉండేది. యాభై దాటిన మనిషి, దారం కట్టిన కళ్లద్దాలు. మొదటి రోజే నా కాగితం లాక్కుని చూసింది.

"పేరుంది, వయసుంది, ఎన్ని గంటలు పండుకున్నరో ఉంది. మస్తుగుంది ఇంజనీర్ సాబ్! మరి తెల్లారినంక ఎట్లున్నరో ఎవరడగాలె? కోడి అడగాల్నా? గిండ్ల ఆడోళ్లెవరు, మొగోళ్లెవరు?"

"పేరు చూస్తే తెలుస్తుంది కదా ఆపా."

"నీకు తెలుస్తది. కింద అందర్నీ కలిపి ఏసిన లెక్కకు తెలుస్తదా?"

నవ్వాను. కాగితం మాత్రం మార్చలేదు.

వికారాబాదులో ఒక సంగతి నన్ను అప్పటికి కొంతకాలంగా వేధిస్తూ ఉండేది. నిద్రలో ఆడవాళ్ల అలలు చాలావరకు మగవాళ్ల అలల కంటే ఎత్తుగా లేచేవి. తీగలు మార్చాను, అలలు గీసే కలాలు సరిచేశాను. అయినా అంతే. "పుర్రె మందంలో తేడా కావచ్చు, మెదడులోనే కావచ్చు. ఇంకా తెలియదు" అన్నారు డాక్టరుగారు. ఈ సంగతి చెప్పి, యంత్రం నాతో పరాచికాలాడుతోందని ఆపాతో అన్నాను. ఆమె నవ్వలేదు.

"నిద్రే ఒక్క తీరుగ లేకపాయె. గోలి ఒక్క తీరుగ పనిచేస్తదని నీకెవరు చెప్పిన్రు?"

ఆ వానాకాలం ఇల్లు కూలినప్పటి నుంచి మాణెమ్మకూ నర్సప్పకూ నిద్ర లేకుండా పోయింది. డాక్టరుగారు ఇద్దరికీ రోజుకో మాత్ర రాశారు. ఇద్దరూ ఏడేసి గంటలు నిద్రపోతున్నారు. "సమాన ఫలితం" అని రాశాను. అది చూసే డాక్టరుగారు ఆ మోతాదు కొనసాగించారు. మూడు వారాలకు మున్షీ మాణెమ్మను వెంటబెట్టుకొచ్చాడు, వెనకాలే నర్సప్ప వచ్చాడు. మిషను బెల్టు పక్కనే కునుకు తీసిందట. కొంగు బెల్టులో పడటం వెంట్రుకవాసిలో తప్పిందట.

"పొద్దుగాల్నే కల్లు తాగొస్తున్నది. రేపటికెల్లి పనిలేదు" అన్నాడు.

"నా బిడ్డ మీద ఒట్టు ఆపా, చుక్క ముట్టలే" అని మాణెమ్మ ఏడ్చింది.

నర్సప్ప ఆమెను అనుమానంగా చూశాడు. "గదే గోలి నేన్గూడ మింగుతున్న. ఆరింటికే లేచి బండలు కొడ్తున్న. నాకేం కాలేదు గద?"

ఆపా చేటలో పప్పు పోసి, పది రాళ్లు కలిపి, మాణెమ్మ ముందు పెట్టింది. రాళ్లు ఏరడం ఆమె రోజూ చేసే పనే. నాలుగు ఏరింది. అయిదో దాని కోసం వెతుకుతూ గోడకు ఒరిగిపోయింది. తర్వాత నర్సప్ప కూర్చుని తొమ్మిది ఏరాడు. "పదోది పప్పుల కరిగిపోయినట్టుంది" అన్నాడు.

"మున్షీ సాబ్, జర దగ్గరికొచ్చి ఆమె నోరు వాసన జూడు. కల్లు వాసనొస్తే నేనే ఇంటికి పంపిస్త."

మున్షీ వంగి చూసి వెనక్కి జరిగాడు. వాసన లేదు.

"వచ్చే బుధవారం దాంక పనిల ఉంచుకో. బెల్టు కాడికి పంపకు. ఏమన్నయితే నన్నడుగు."

డాక్టరుగారు లోపలికి వచ్చి సంగతంతా విని, నా వైపు తిరిగారు. "పొద్దున ఎట్లా ఉంటోందో అడిగావా?" లేదన్నాను. ఆయన మాణెమ్మ చీటీలో ఒకటి కొట్టేసి సగం అని రాశారు.

ఆ వారం తాండూరులోనే ఉండిపోయి ఇంటింటికీ తిరిగాను. పూర్తి మాత్ర వేసుకుని హాయిగా పనిచేసుకునే ఆడవాళ్లు ఉన్నారు. పొద్దున నిద్రమబ్బుగా తిరిగే మగవాడు ఒకడున్నాడు. కానీ పొయ్యి ముందర కళ్లు మూతపడుతున్నాయని చెప్పిన మిగతా అందరూ ఆడవాళ్లే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఒకామెను అడిగాను. "నువ్వడగలే గద సారూ" అంది.

ఆపా ఇప్పుడు గుల్బర్గాలో కూతురి దగ్గర ఉంటోంది. నా ఉద్యోగం మారింది, యంత్రాలు మారాయి. ఏ మందు వివరాలు రాసినా ఆడవాళ్లకో కాగితం, మగవాళ్లకో కాగితం పెడతాను. రెండింటిలోనూ చివరి గడి తెల్లవారిన తర్వాతి సంగతికి.

అప్పుడు, ఆ వారం గడిచాక బుధవారం మళ్లీ అదే చేట, అదే మనుషులు. సగం మాత్రతో మాణెమ్మ ఆరు గంటలు నిద్రపోయింది. ఆమె వేళ్లు పప్పులో చకచకా తిరిగాయి. తొమ్మిది రాళ్ల దగ్గర ఆగాయి. నర్సప్ప చేట మీదికి వంగాడు. "అయిపాయె" అన్నాడు మున్షీ. "ఉండు జర" అంది ఆపా. మాణెమ్మ చేటను ఒక్కసారి ఎగరేసి, అంచుకు చేరినదాన్ని గోటితో మీటి బల్ల మీద వేసింది. మున్షీ గొంతు సవరించుకుని, "రేపు ఎనిమిదింటికి నీ పాత పనికే రా" అన్నాడు.

నేను బల్ల మీది రాళ్లు లెక్కపెట్టి కొత్త గడిలో రాశాను. పది.