యాభై నిమిషాల దూరం

మా బావ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. దగ్గరగా చూసిందీ లేదు. అయినా ఏ ఊరి నుంచి ఏ ఊరికి విమానంలో ఎంతసేపో లోకానికి చెప్పడమే ఆయన ఉద్యోగం. ప్రయాణాల వెబ్‌సైటు నడిపే ఆఫీసది. వరసగా బల్లలు, కారే ఏసీ కింద ఓ ప్లాస్టిక్ బకెట్టు. బావ రెండు ఊళ్ళ పేర్లు కొడతాడు. కంప్యూటరు వాటి మధ్య తిన్నగా గీత గీసి, ఆ పొడవును విమానం వేగంతో భాగిస్తుంది. వచ్చిన అంకె కింద బావ తన సాహిత్యం చేరుస్తాడు: "మీ ప్రయాణం ఆహ్లాదకరంగా సాగుగాక." అక్కడ విమానం దిగే చోటుందో లేదో చూడమని ఎవరూ చెప్పలేదు. చెప్పని పని చేసే అలవాటు ఆయనకు లేదు.

మా అక్క నర్సు. ఆమెను కొండల అవతలి ఊరి ఆసుపత్రికి బదిలీ చేసినప్పుడు, బావ మా ఊరి పేరూ ఆ ఊరి పేరూ కొట్టి చూసి వచ్చి ఓదార్చాడు.

"యాభై నిమిషాలే. పక్కింటికెళ్ళినట్టు. ఏడుపెందుకు?"

అంత దగ్గర కాబట్టి బావ రెండేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. సెలవు దొరికితే అక్కే బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చేది.

మొన్నీమధ్య ఆమె బావకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉండి విన్నాను.

"ఇక్కడే పర్మనెంటుగా ఉంటావా అంటున్నారండీ. సోమవారం సంతకం పెట్టాలి. ఆదివారం మీరొస్తే కూర్చుని మాట్లాడుకుందాం. వెనక్కి రమ్మంటే వచ్చేస్తా. మీరు రాకపోతే ఇక్కడే ఉండిపోతా."

"టిఫిన్‌కి నీ దగ్గరుంటా."

"ముందురోజే బస్సెక్కండి. ఇక్కడ విమానాలు దిగవని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఊళ్ళో ఉంటే అన్నీ తెలిసిపోతాయా? వెబ్‌సైట్లో ఆ ఊరి పేజీ రాసింది నేను."

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను వెంటేసుకుని ఎయిర్‌పోర్టుకు బయల్దేరాడు. టికెట్ల కిటికీలో అమ్మాయి ఊరి పేరు రెండుసార్లు అడిగింది.

"ఆ ఊళ్ళో ఎయిర్‌పోర్టే లేదు సార్."

బావ ఫోన్లో పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె శ్రద్ధగా చదివింది.

"ఎవడో పనిలేనివాడు రాసినట్టున్నాడు సార్."

నేను గోడగడియారం వైపు తిరిగాను.

"బస్టాండుకు పోదాం పద బావా," అన్నాను. "రాత్రికైనా దిగుతావు."

"పదకొండు గంటలు బస్సులోనా? అంతసేపట్లో భూగోళం అవతలికి పోవచ్చురా."

బెంచీ మీద కూలబడి, పేజీ దిద్దాలని మేనేజరుకు ఫోన్ కలిపాడు. అక్కకు మాత్రం చేయలేదు. అవతల మేనేజరు ఏదో చెబుతుంటే మాడిపోయిన ముఖం మెల్లగా విచ్చుకుంది.

"దాన్ని ముట్టుకోవద్దన్నాడు బామ్మర్దీ. జనం తెగ చదువుతున్నారట."

అదే సంబరంతో కాఫీ కూడా ఇప్పించాడు. పగటి బస్సు ఆ కాఫీలోనే వెళ్ళిపోయింది.

సోమవారం మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసింది.

"సంతకం పెట్టేశాన్రా. నిన్న చీకటి పడేదాకా బస్టాండులో నిలబడ్డాను. ఎలాగూ బస్సులోనే కదా రావాలి అనుకున్నాను."



ఆ ఇంట్లో ఇక బావ ఒక్కడే. మీ ఆవిడ ఎక్కడుంటోందని ఎవరైనా అడిగితే ఆయనేమీ తడుముకోడు.

"దగ్గరేనండీ. యాభై నిమిషాలు."