అతుకులమ్మ పంపిన వాలుకుర్చీలు

ఆఫీసులో ఆమెను అందరూ అతుకులమ్మ అనేవారు. కుర్చీలు, మంచాలు అమ్మే ఆ కంపెనీలో అమ్మకాలకొక ప్రోగ్రాం, గోడౌనుకొకటి, లారీలకొకటి ఉండేవి. ఎప్పుడెప్పుడో ఎవరెవరో రాసినవి కావడంతో ఒకదాని మాట ఒకదానికి అర్థమయ్యేది కాదు. వచ్చిన సందేశాన్ని అవతలి ప్రోగ్రాంకు తెలిసే రూపంలోకి మార్చి, సరైన దారిన పంపే ఏర్పాటు ఆమె రాసింది. అలా వాటిని అతికిస్తుందనే ఆ పేరు.

"జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది సార్. పట్టిన పట్టు వదలదు" అని మేనేజరుకు గర్వంగా చెప్పింది.

పరీక్ష కోసం ఒక వాలుకుర్చీకి ఆర్డరు పెట్టి, అలవాటుకొద్దీ తన ఇంటి చిరునామాయే కొట్టింది. అది పరీక్షల కోసం కంప్యూటర్లో పెట్టుకున్న ఉత్తుత్తి గోడౌనుకు వెళ్లాలి. దారి చూపే నియమంలో ఒక్క మాట మార్చడం మరిచిపోయింది. ఆర్డరు నేరుగా అసలు గోడౌనుకే చేరింది. ఆ గోడౌను ఆమె ఇంటికి రెండు వీధుల అవతలే.

మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేసింది. "కుర్చీ వచ్చిందమ్మా. నా నడుం నొప్పి గుర్తుపెట్టుకున్నావన్నమాట."

అది పరీక్షకు పెట్టిన ఆర్డరని చెప్పబోయింది అతుకులమ్మ. కానీ అత్తగారు అంత ముద్దుగా మాట్లాడి ఎన్నాళ్లయిందో. "మీకోసమే అత్తయ్యా" అనేసింది.

కాసేపటికి మళ్లీ ఫోన్. "ఇంకోటి వచ్చింది. మీ మామయ్యకా?"

"ఆయనకే."

మూడోసారి ఆవిడ గొంతు మారింది. "ఇదెవరికే? ఇంకా ఉన్నాయంటున్నాడు డ్రైవరు. మెట్లెక్కే దారి కూడా లేదు."

అప్పటికి గానీ అతుకులమ్మకు వెలగలేదు. అందిందని గోడౌను ప్రతిసారీ జవాబిస్తూనే ఉంది. ఆ జవాబును అర్థం చేసుకునే భాగం తానింకా రాయనే లేదు. జవాబు రాలేదనుకుని ఏర్పాటు అదే ఆర్డరును పంపిందే పంపుతోంది.

పరుగున దాన్ని ఆపేసింది. ప్రతి సందేశానికీ ఒక గుర్తు తగిలించి, అదే గుర్తు రెండోసారి కనిపిస్తే పక్కన పడేయమని రాసింది. వెనకే నిలబడి ఉన్న మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"బాగుందమ్మా. ఇక వెళ్లి కుర్చీలు తెచ్చేయండి."

సాయంత్రం లారీలోనే ఇంటికెళ్లింది. ఇంటిముందు కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. పక్కింటావిడ, ఎదురింటావిడ, వాళ్ల తోడికోడళ్లు హాయిగా వెనక్కి వాలి కబుర్లలో పడ్డారు. మామగారు గురక పెడుతున్నాడు.

"కుర్చీలు తీసుకెళ్లాలత్తయ్యా" అంది మెల్లగా.

"కూర్చున్నవాళ్లని లేపుతావటే? చీకటి పడనీ" అంది అత్తగారు, కళ్లు తెరవకుండానే.

డ్రైవరు ఇంజను ఆపేసి, ఖాళీగా ఉన్న కుర్చీ కోసం చూశాడు.