కూతకెళ్ళి విరిగిన కాలు

ఆటలాడేవాళ్ళకి ప్రత్యేకంగా ప్రమాద బీమా ఉంటుందని నాకు చెప్పింది మా బడిలో చదివే ఒక పిల్ల తల్లి. అప్పట్లో నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టర్ని. బడికి గ్రౌండు లేదు, పిల్లల్ని మేడ మీదే పరిగెత్తించేవాణ్ణి. ఆవిడ బీమా ఏజెంటు. ఆవిడ తెచ్చిన రంగుల కాగితం మీద తెల్ల బూట్లేసుకున్న ఒకాయన పొద్దున్నే కొండ మీద పరిగెడుతున్నాడు. అంత తీరుబడి ఉన్నవాడికి బీమా ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, ఆవిడ చెప్పింది మాత్రం బాగా అర్థమైంది.

"జీతం తీసుకుని ఆడేవాళ్ళకి కుదరదు సార్. మీరు ఊళ్ళో సరదాగా ఆడే కబడ్డీకి వర్తిస్తుంది. దెబ్బ తగిలి పనికి వెళ్ళలేకపోతే, తగ్గేదాకా వారం వారం ఇస్తారు."

కాళ్ళు ఆడితేనే నా ఇంట్లో డొక్కాడేది. అందుకే కట్టాను. నా జన్మలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. దాన్ని మా ఊరు మంటగలిపింది.

మా ఊరు పర్చూరు పక్కన. ఏటా క్రిస్మస్ మర్నాడు మా పల్లెలో కబడ్డీ పోటీలు పెడతారు. మిరపకాయలు ఆరబోసే కల్లం అప్పటికింకా ఖాళీగానే ఉంటుంది, అక్కడే సున్నంతో గీతలు గీస్తారు. ఎక్కడ పనిచేస్తున్నా ఆ రోజుకి వచ్చి ఊరి జట్టులో ఆడాల్సిందే. రాకపోతే "మాస్టరయ్యాడుగా, మనతో ఎందుకాడతాడు" అంటారు. ఆ ఏడు ఫైనల్లో నేను కూతకెళ్ళాను. ఇద్దరు మడమ పట్టుకున్నారు, మూడోవాడు మోకాలి మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. జనం మాత్రం ఇంకా అరుస్తూనే ఉన్నారు.

నన్ను కార్లో వేసుకుని చీరాల ఆస్పత్రికి తీసుకెళ్ళింది మా చర్చి సంఘపెద్ద. నాకు వరసకు బాబాయి. పోటీల కమిటీకీ ఆయనే పెద్ద. దారిలో నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్న నోటితోనే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఆటలో ఇరిగిందని చెప్పమాక. పోలీసోళ్ళకి తెలిస్తే వచ్చే ఏడు పర్మిషన్ ఇయ్యరు. ఊరి పరువు పోద్ది."

"నాకు ఆటల బీమా ఉంది బాబాయ్" అన్నాను, పళ్ళు బిగబట్టి.

"అది ఎట్టాగైనా వచ్చుద్దిలేరా. దెబ్బ దెబ్బే కదా!"

మావాళ్ళకి ఒక పద్ధతుంది. ఆస్పత్రి అయినా, పోలీస్ స్టేషనైనా, మండలాఫీసైనా ఎవడి సంగతి వాడు చెప్పుకోడు. లోకం తెలిసిన పెద్దమనిషి ముందు నిలబడి మాట్లాడతాడు, మనం వెనకనుంచి తలూపుతాం. ఒకప్పుడు మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో అది మా తాతల్ని కాపాడిందేమో. నన్ను మాత్రం ముంచింది. డాక్టరమ్మ "ఏం జరిగింది?" అని అడిగింది నన్నే. జవాబు చెప్పింది బాబాయి.

"బండి మీంచి పడ్డాడమ్మా. కుక్క అడ్డమొచ్చింది."

లేని బండితో ఊరుకోక, లేని కుక్కని కూడా పుట్టించాడు మహానుభావుడు. ఆవిడ అదే రాసుకుంది. నొప్పికి నా కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు.

బీమా తరఫున విచారణకి వచ్చినాయన మర్యాదస్తుడు. బండి మీంచి పడితే పోలీసు రిపోర్టు, లైసెన్సు కావాలన్నాడు. నాకు ఆ రెండూ లేవు, అసలు బండే లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన ఆస్పత్రి కాగితం తిరగేసి అన్నాడు: "ఆటలో విరిగితే మీకు వస్తుంది సార్. కానీ ఇక్కడ వేరేగా రాసుంది. మిమ్మల్ని తీసుకొచ్చినాయన ఆస్పత్రికొచ్చి నిజం చెబితే వాళ్ళు సరిచేస్తారు. ఆయన మాట ఒక్కటే కావాలి."

ఆ ఒక్క మాట కోసం చంకకర్రలేసుకుని బాబాయి గడప ఎన్నిసార్లు ఎక్కానో. మొదట్లో చూద్దామన్నాడు. తర్వాత విసుక్కున్నాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"ఇప్పుడు మాట మారిస్తే నేను అబద్ధీకుణ్ణి కానా? ఆదివారం నిలబడి వాక్యం చెప్పేవోణ్ణిరా నేను!"

నాతో ఆడిన మా జట్టు కుర్రాళ్ళని అడిగాను. "బాబాయ్ ఏమంటే అదే అన్నా" అని తలలు దించుకున్నారు. ఆట వీడియో ఎవరి ఫోన్లో ఉన్నా తీసెయ్యమని కమిటీ వాట్సాప్ గ్రూపులో అప్పటికే చెప్పేశారు. తీసేశారు కూడా. మా ఊరివాళ్ళు అంత క్రమశిక్షణగా చేసిన పని నేనింకొకటి చూడలేదు.

బడివాళ్ళు తగ్గాక రమ్మన్నారు. తగ్గేలోపు ఇంకొకాయన్ని పెట్టుకున్నారు. గుంటూరులో ఇల్లు ఖాళీ చేసి ఊరికొచ్చేశాం. పెళ్ళయినప్పటి నుంచీ పొలం మొహం చూడని మా ఆవిడ మిరపకోతలకి వెళ్ళింది. సాయంత్రం చేతుల మంటకి నూనె రాసుకుంటూ కూర్చునేది, నన్ను ఒక్క మాట అనేది కాదు. అంటే బాగుండేది. బీమా కుదరదని కాగితం వచ్చిన రోజు కంపెనీని తిట్టుకుందామని చూశాను, తిట్టు రాలేదు. వాళ్ళు నన్నడిగింది నిజం. నా ఊరు ఇవ్వనిది కూడా అదే.

మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. కల్లం పక్కన స్టేజీ, ఫ్లెక్సీ మీద నా ఫోటో. సన్మానం, రావాల్సిందేనన్నారు. కుంటుకుంటూ వెళ్ళాను. ముఖ్య అతిథి ఎస్సై గారు. బాబాయి మైకు పట్టుకుని గొంతు చించుకున్నాడు.

"ఈ కల్లంలోనే, ఇదే కోర్టులో, మన పల్లె పరువు కోసం కాలిచ్చిన బిడ్డ!"

శాలువా కప్పి కావలించుకున్నాడు. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా? ఎస్సై గారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. పోలీసులకి తెలిస్తే ఏమవుతుందో ఏడాది తర్వాత నా కళ్ళతో చూశాను. ఏమీ కాలేదు.

రెండు మాటలు చెప్పమని మైకు నా చేతికిచ్చారు.

"నేను ఇక్కడ పడలేదండీ. బండి మీంచి పడ్డాను. మా బాబాయి ఆస్పత్రిలో చెప్పాడు. కావాలంటే అడగండి, పక్కనే ఉన్నాడు."

ముందు కొందరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. బాబాయి దగ్గరికి జరిగాడు. నా మోచెయ్యి పట్టుకుని, "ఊరందరి ముందర ఇట్టాగేనా మాట్టాడేది?" అన్నాడు, పెదాలు కదలకుండా.

"ఆస్పత్రిలో నువ్వు మాట్టాడావుగా బాబాయ్. ఇక్కడన్నా నన్ను మాట్టాడనీ" అన్నాను.

ఆయన మైకు లాక్కున్నాడు.