పేరు అడగని పలక

ఈ రోజు పొద్దున నేనొక మనిషి పేరు పదిమందిలో బయటపెట్టాను. మధ్యాహ్నానికి అతని ఉద్యోగం పోయింది. ఆ కబురు ఫోనులో వచ్చినప్పుడు నేను గోదావరిఖనిలోని నా వైండింగ్ షాపులో కాలిపోయిన మోటారు విప్పుతున్నాను. మాడిన వార్నిషు వాసన ఘాటుగా ముక్కుకెక్కుతోంది. ఆ వాసన తగిలితే నాకు ఓదెలు కాక గుర్తుకొస్తాడు. ఈ రోజు మాత్రం ఆయన్ను తలుచుకోవడానికే సిగ్గేసింది.

జరిగింది చెబుతాను. మా ప్రాంతంలో మోటార్లు, కరెంటు ప్యానెళ్లు బాగుచేసేవాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. దాని అడ్మిన్లలో నేనొకడిని. అసలు పేరు లేనివాళ్లను ఉంచకూడదని చాలాకాలంగా వాదిస్తున్నాను. పొద్దున 'గుడ్డిదీపం' అనే పేరుతో ఎవరో ఫొటో పెట్టి అడిగారు. "వాన పడ్డప్పుడల్ల మోటార్ ట్రిప్ అయితుంది. ఎర్త్ లీకేజీ రిలేను తప్పించి డైరెక్టుగ నడుపుమంటుండ్రు. చెడింది రిలేనా, కేబులా, ఎట్ల తెలుసుకోవాలె?" కరెంటు బయటికి కారితే మనిషికి షాక్ కొట్టకముందే మోటారును ఆపేసేదే ఆ రిలే. ఫొటోలోని ప్యానెల్ నాకు తెలుసు. కమాన్‌పూర్ దగ్గరి ఒక కంకర మిషన్‌ది. ఆ మోటారుకు వైండింగ్ చేసింది, అక్కడికి పోయి బిగించింది నేనే, దాన్ని నా షాపుకు మోసుకొచ్చింది అక్కడి ఎలక్ట్రీషియన్ సంపత్. "పేరు దాసుకునుడెందుకు సంపతూ? మా షాపుల చాయ్ తాగినోనివే గదా!" అని రాశాను. నవ్వుల బొమ్మలు వరుసగా వచ్చాయి. ఆ కంకర మిషన్ సూపర్‌వైజరు కూడా అదే గ్రూపులో ఉన్నాడన్నది నాకు తట్టలేదు.

ఓదెలు కాక బొగ్గుగని ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో ఫోర్‌మన్. నేను అక్కడ అప్రెంటిస్‌గా చేరేనాటికే ఆయన మీసాలు తెల్లబడ్డాయి. వర్క్‌షాపు తలుపు పక్కన బడిపిల్లల పలకొకటి మేకుకు వేలాడేది. ఎవరికి ఏ అనుమానం వచ్చినా సుద్దముక్కతో దానిమీద రాయవచ్చు. పేరు రాయనక్కరలేదు. షిఫ్టు మారేలోపు కాక దాని కింద జవాబు రాసి, "ఓదెలు" అని సంతకం పెట్టేవాడు. ప్రశ్న ఎంత చిన్నదైనా ఎవరడిగారని ఆరా తీయడం నేనెన్నడూ చూడలేదు.

ఒకరోజు పలక మీద, "మెగ్గర్ సూది మధ్యల ఆగితే ఏమనుకోవాలె?" అని ఉంది. మెగ్గర్ అంటే తీగల్లోంచి కరెంటు బయటికి కారుతోందా అని చూసే పరికరం. దాన్ని చదవడం మాకు మొదటి వారంలోనే నేర్పారు. ఆ వంకర అక్షరాలు మాలో అందరికంటే పెద్ద ఫిట్టరైన గౌసన్నవని నేను గుర్తుపట్టాను. క్యాంటీన్‌లో అందరి ముందూ, "ఏందన్నా, ఇన్నేండ్ల సర్వీసుల మెగ్గర్ చూసుడు రాలేదా?" అన్నాను. అందరూ నవ్వారు. గౌసన్న కూడా నవ్వాడు. "అరె, ముసలోన్నయిన భాయ్, కండ్లు కనవడ్తలేవు" అని చాయ్ గ్లాసు సగంలో పెట్టేసి లేచిపోయాడు. కాక జవాబు రాసేలోపే పలక మీది ఆ ప్రశ్నను ఎవరో చెరిపేశారు.

వారం గడిచింది. కాక నన్ను పిలిచి పలక చూపించాడు.

"ఏం కనవడ్తుందిరా?"

"ఏం లేదు కాకా. ఖాళీగున్నది."

"ఎందుకున్నది?"

"ఎవ్వరికి డౌట్లు లేవేమో."

"డౌట్లు యాడికి పోతయి? నోర్లు మూతపడ్డయి. అడిగెటోని పేరుతోటి నీకేం పనిరా? పేరు ఉండాల్సింది చెప్పెటోనికి. తప్పు చెప్తె పట్టుకోవద్దా?"

వెళ్లి గౌసన్నను మాఫీ అడిగాను. "ఛోడ్ దో, ఇడిచిపెట్టు, పోరనివి" అన్నాడాయన. పని అయిపోయిందన్న ధీమాతో తిరిగొచ్చి కాకకు చెప్పాను. ఆయన టెస్టర్ తుడుచుకుంటూ తలెత్తకుండా, "మంచిది. మరి ఆ సూది సంగతి ఆయనకు చెప్పినవా?" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ ఊసే నాకు గుర్తులేదు.

కాక రిటైరై బెల్లంపల్లిలో ఉండేవాడు, అక్కడే పోయాడు. ఆయన నేర్పిన వైండింగ్‌తో ఇన్నేళ్లు బతికాను. ఆయన నేర్పిన రెండోది ఒంటబట్టలేదని ఈ రోజు తేలింది.

ఫోను చేసింది సంపతే. "రేపటిసంది రావద్దన్నరన్నా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. షాపు మూసి, మెగ్గర్ బండికి కట్టుకుని కమాన్‌పూర్‌లో సంపత్ ఇంటికి వెళ్లాను. గడపలోనే తప్పు ఒప్పుకున్నాను. సంపత్ విని, "నా సంగతి తర్వాత చూద్దామన్నా. రిలే తప్పించే ఉన్నది. బెల్టు కాడ ఆడోళ్లు పనిచేస్తరు. మబ్బు పట్టింది జూడు" అన్నాడు.

ఇద్దరం కంకర మిషన్ దగ్గరికి పోయాం. సూపర్‌వైజరు గేటు దగ్గరే నిలదీశాడు. "మీ ఫోన్ల ముచ్చట్లకు మా మిషన్ బంద్ చెయ్యాల్నా?"

"పేరు బయటవెట్టింది నేను, మిమ్ముల నలుగుట్ల నిలవెట్టింది నేను. ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఒక్కసారి బంద్ చేసి చూడనియ్యిండ్రి. కేబుల్ మంచిగుంటె నన్ను మల్ల ఈ గేటుకు రానియ్యకుండ్రి."

గొణుక్కుంటూనే మిషన్ ఆపించాడు. రెండువైపులా తీగలు విప్పి కేబుల్‌కు మెగ్గర్ పెట్టాం. సూది సున్నా దగ్గరికి పడిపోయింది. అంటే కరెంటు కారుతున్నది కేబుల్లోంచే. రిలే చెడలేదు, అది తన పని తాను చేసింది. బెల్టు ఫ్రేము రాసుకుని కేబుల్ తొడుగు తెగిన చోటు సంపతే వెతికి పట్టాడు. పక్కనే పార పట్టుకుని నిలబడ్డ ఒకామె ఆ చోటు చూసి రెండడుగులు వెనక్కి వేసింది. సూపర్‌వైజరు ఆమెను చూశాడు, తర్వాత సంపత్‌ను. "కొత్త కేబుల్ వచ్చేదాంక మిషన్ నడపం. వచ్చినంక నువ్వే వెయ్యాలె" అన్నాడు.

అక్కడే కంకరగుట్ట పక్కన నిలబడి గ్రూపులో రాశాను. పొద్దున రాసింది నా తప్పని, ఇకమీదట అడిగేవాళ్ల పేరు ఎవరూ అడగవద్దని, నేను అడ్మిన్‌గా తప్పుకుంటున్నానని రాశాను. తర్వాత కేబుల్‌ను రెండువైపులా విప్పి ఎట్లా పరీక్షించాలో, సూది ఎక్కడ ఆగితే ఏమిటో, రిలేను ఎందుకు తప్పించకూడదో వరుసగా రాసి, కింద నా పూర్తి పేరు, షాపు పేరు పెట్టాను. పంపేముందు సంపత్‌కు చూపించాను. చదివి, "విప్పేముందు మెయిన్ స్విచ్ బంద్ చేసి తాళం వెయ్యాలని రాయలే నువ్వు" అన్నాడు. అది పైన చేర్చి పంపాను.