పిడి లేని గ్లాసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిడి ఉన్న కప్పు ఒక్కటీ లేదు. షేక్‌పేటలో ఒంటిగది కిరాయి ఇల్లు, అందులో మూడు స్టీలు గ్లాసులు. అమ్మానాన్నలు పోయాక నన్నూ తమ్ముడినీ మా నానమ్మే సాకింది. ఫిల్మ్ నగర్‌లో అప్పటికి ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. అక్కడ జరిగే షూటింగుల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేది ఆవిడ.

సినిమావాళ్ల పింగాణీ కప్పులు చూసొచ్చి, మనకెందుకు లేవని నేను సతాయించేదాన్ని. తన చిన్నతనంలో గ్లాసులు కూడా లేవనీ, మోదుగాకు దొప్పల్లో, మట్టి ముంతల్లో తాగామనీ చెప్పేది. "పిడి ఎందుకే బిడ్డా? చెయ్యి ఓర్సుకుంటే నోరు ఓర్సుకుంటది" అనేది. షూటింగులో కప్పులు ఖాళీగానే ఉంటాయట. అయినా పొగలొస్తున్నట్టు ఊదుకుంటూ తాగాలట. అది చేసి చూపిస్తుంటే మేము పడీపడీ నవ్వేవాళ్లం.

ఒక ఏడు వానలు విడవలేదు. షూటింగులు ఆగిపోయాయి. పొద్దున టీ ఒక్కటే ఖాయంగా దొరికేది. తను తాగందే మేం ముట్టమని నానమ్మకు తెలుసు. కొంగుతో గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ మాతోపాటే తాగేది.

ఒకరోజు పైరేకులు కారుతుంటే గిన్నె పెట్టడానికి లేచింది. తమ్ముడి కాలు తగిలి ఆవిడ గ్లాసు ఒరగబోయింది. కాలుతుందని తెలిసీ గబుక్కున పట్టుకున్నాను. కాలలేదు. గ్లాసు చల్లగా ఉంది, లోపల చుక్క తడి లేదు.

ఎన్నాళ్లుగా ఇలా తాగుతోందో అనుకున్నాను. గ్లాసు ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆవిడ వచ్చి కూర్చుని మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.

"నానమ్మా, నాది మస్తు వేడుంది. జర నీ గ్లాసుల పోస్త" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "చెయ్యి ఓర్సుకుంటలేదా?"

"ఓర్సుకుంటలేదు."

తన గ్లాసు నా ముందుకు జరిపింది. సగం పోశాను. ఆ రోజు ఊదకుండా తాగింది.

వానలు వెలిశాక షూటింగుకు రమ్మని మనిషి వచ్చాడు. నానమ్మ అప్పటికే మంచం దిగలేకపోతోంది. ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిడి కప్పులు కావలసినన్ని ఉన్నాయి. నేనూ మా కోడలూ మాత్రం స్టీలు గ్లాసుల్లోనే తాగుతాం. అందరికీ పోసి చివరికి మిగిలేది తనే. "నేను తాగుతున్నాగా అత్తయ్యా, మీరు కానివ్వండి" అంటుంది. నేను చెయ్యి చాచి ఆ గ్లాసు పట్టుకుని చూస్తాను. నా చాదస్తం చూసి నవ్వుకుంటుంది. నవ్వుకోనీ. అది వెచ్చగా తగిలాకే నా గ్లాసు ఎత్తుతాను.