అక్క ఊదుగొట్టం

మా బావ నరసింగరావు మంచివాడని ఎవరైనా అంటే నేను కాదనను. కానీ ఆయనకి పిచ్చి లేదని మాత్రం అంటే ఊరుకోను. ఆ పిచ్చిని నా కళ్ళతో చూశాను, చూసిన ప్రతిసారీ నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

గజపతినగరం దగ్గర జూటు మిల్లులో ఆయన స్టోరు గుమాస్తా. మిల్లు వెనక మెట్ట నేలలో గడ్డి పెంచి, అక్కడక్కడ చిన్న గుంటలు తీసి, తెల్లదొరలు ఒక ఆట ఆడేవారు. చిన్న బంతిని ఇనప తలకాయ ఉన్న కర్రతో కొట్టడం, దాని వెనకాలే నడుచుకుంటూ పోవడం, చివరికి దాన్ని గుంటలో పడెయ్యడం. ఇంతే ఆట. పేరు గోల్ఫు. మా వీధి పిల్లలు కర్రాబిళ్ళ ఆడుతూ బడి ఎగ్గొడితే వీపు పగిలేది. దొరలు ఆడితే మాత్రం గడ్డికి నీళ్ళు, గుంటకి జెండా!

ఆఖరి దొరకి జతగాళ్ళు ఒక్కొక్కరూ సొంత దేశం వెళ్ళిపోయారు. సాయంత్రాలు తోచక, స్టోరులో ఉన్న మా బావని పిలిచి కర్ర చేతికిచ్చేవాడు. అలా అంటుకుంది జబ్బు. ఆ దొర కూడా వెళ్ళిపోతూ తన పాత కర్ర ఒకటి ఇచ్చి వెళ్ళాడు. మా బావ దాన్ని దేవుడి పటాల పక్కన గోడకి నిలబెట్టాడు. దేవుడు చూస్తూనే ఉన్నాడు, ఒక్క వర్షాకాలంలో చెదలు కర్రని తినేశాయి. ఇనప తలకాయ ఒక్కటే మిగిలింది.

"తలకాయుంది కదా. కాడెక్కడో దొరక్కపోదు" అన్నాడు బావ.

ఆ కాడ కోసం రెండేళ్ళు తిరిగాడు. కొత్తది కలకత్తా నుంచి తెప్పించాలంటే రెండు నెలల జీతం. ఇల్లు గడవాలి కదా, ఆ మాట ఆయనే తీసి పక్కన పెట్టాడు. చవగ్గా దొరికేవే చూశాడు. కొండవాళ్ళు తెచ్చిన వెదురు కొన్నాడు, మొదటి దెబ్బకే నిలువునా చీలింది. బండివాడి ములుగర్ర అడిగి తెచ్చాడు, అది పాములా ఊగింది. బెత్తం పెడితే కర్ర ముందు వచ్చి తలకాయ తర్వాత వచ్చింది. నీళ్ళ గొట్టం ముక్క ఒకటి బిగించి ఊపితే బంతి కదల్లేదు గాని భుజం జారి వారం రోజులు కాపడం పెట్టించుకున్నాడు. చచ్చిన గొడుగుల కాడలు కూడా వదల్లేదు.

"అసలెలాటిది కావాల నీకు?" అని ఒకసారి మా అక్క సుభద్రమ్మ అడిగింది.

"గట్టిగుండాల. కూసింత వొంగాల. వొంగింది మళ్ళీ తిన్నగా రావాల. బరువుండకూడదు."

"అలాటి మనిసే దొరకడు, కాడెక్కడ దొరుకుతాది బావా!"

ఆయన మాకు మేనత్త కొడుకు. అందుకే అక్క పెళ్ళయినా బావా అనే పిలిచేది. మా మేనత్త జగ్గమ్మ, అంటే ఆయన తల్లి, వీధి అరుగు మీద కూర్చుని అందరి మీదా అజమాయిషీ చేసేది. కిరసనాయిలు స్టవ్వు మీద వండింది తింటే కులం పోతుందని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని అక్క రెండు పూటలా కట్టెల పొయ్యి దగ్గరే మగ్గింది. చిన్నప్పుడు తట్టు పోసి అక్క ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఆ కన్ను కనపడదు. ఉన్న ఒక్క కన్నూ పొగకి ఎర్రబడి నీరు కారుతుంటే మిషను ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. "ఈ కంటికి పొగ తగలనిస్తే దీని ఆశా వదులుకోండి" అన్నారు డాక్టరమ్మ. అక్క మాత్రం ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. రాజెయ్యక ఏం చేస్తుంది?

నేను కోటబొమ్మాళిలో టీచరుని. అక్కడి సంతలో దేవమణి అనే ఆవిడ పాత సామాను అమ్ముతుంటే, నిగనిగలాడే సన్నటి ఉక్కు గొట్టం కనపడింది. ఊదుగొట్టానికి భలేగా ఉంటుందనిపించింది. "పొడుగెక్కువ, కోసీమంటావా అమ్మా?" అంది ఆవిడ. కొయ్యొద్దన్నాను. పొడుగుంటే అక్క పొయ్యికి దూరంగా కూర్చుని ఊదుకోవచ్చు. కొని, ఎవరి చేతో పంపించాను. నిజంగానే అక్క కంటి ఎరుపు తగ్గింది. ఆ గొట్టం వచ్చాక వంటింట్లో పొగ ఒక పక్క, అక్క ఇంకో పక్క.

ఇది జరుగుతుండగా కొత్త మేనేజరు ఒక ప్రకటన చేశాడు. అరవై ఎనిమిది జనవరి ఒకటో తారీకున జరిగే గోల్ఫు పందెంలో ఈసారి గుమాస్తాలూ ఆడొచ్చు. కాకపోతే ఎవరి కర్ర వాళ్ళే తెచ్చుకోవాలి. గుమాస్తాలకి కర్రలెక్కడివి? కూటికి పిలిచి ఆకు నువ్వే తెచ్చుకో అన్నట్టుంది. మిల్లంతా నవ్వుకుని ఊరుకుంది. మా బావ ఊరుకోలేదు. "ఒక్కపాలి ఆడితే సాలు, నానేటో తెలుస్తాది" అంటూ తిండి మానేసి కాడ కోసం మళ్ళీ బయల్దేరాడు.

క్రిస్మసు సెలవులకి నేను వెళ్ళేసరికి ఆయన మొహం పీక్కుపోయి ఉంది. పందెం ఇంక ఎల్లుండి. పెరట్లో కూర్చుని ఎక్కడిదో ఒక చేతికర్రకి తలకాయ అతికిస్తున్నాడు. లక్క కరగడానికి నిప్పు కావాలి. అక్క బావి దగ్గరుంది, నేను బియ్యం ఏరుతున్నాను. ఇంకెవరినీ అడగలేక తనే వంటింట్లోకి వెళ్ళాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ గడప దాటడం అదే మొదలు. మా ఇళ్ళల్లో మగవాళ్ళకి వంటిల్లు అంటే కంచం బయటికొచ్చే దారి, అంతే.

లోపల్నుంచి ఒక కేక వినపడింది. తేలు కుట్టిందనుకున్నాను. అక్క బిందె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అత్త అరుగు మీంచే ఏడుపు మొదలుపెట్టింది.

మా బావ పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో అక్క ఊదుగొట్టం. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదెక్కడిది?"

"నానే పంపినాను, సంతలో కొని. అయితే?" అన్నాను.

ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని కొంచెం వంచాడు. వదిలాడు. తిన్నగా వచ్చేసింది. మళ్ళీ వంచాడు. మళ్ళీ వచ్చేసింది. అక్కడే చతికిలబడిపోయాడు.

"ఇది గోల్ఫు కర్రే నారాయణమ్మా! దొరలాడే ఉక్కు కాడే!"

అప్పుడు గుర్తొచ్చింది. దేవమణి మొగుడు నౌపడలో ఉప్పు మడుల మీద అధికారిగా ఉన్న దొర దగ్గర వంటవాడు. దొర వెళ్ళిపోతూ బంగళాలో మిగిలిందంతా వాళ్ళకిచ్చేశాడని ఆవిడే చెప్పింది. ఆ మాట అంటే బావ గబగబా అడిగాడు.

"మరి మిగిల్నవి?"

"అన్నీ రెండేసి ముక్కలు కోసి అమ్మీసింది. కోటబొమ్మాళిలో ఏ వంటింట్లో సూసినా అయ్యే."

"తలకాయలో?"

"కమ్మరికిచ్చీసిందట. కొడవళ్ళయిపోనాయి."

బావ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "దొరల కర్రల్తోటి పొయ్యిలూదుతున్నారా!"

"ఊదక? దొరలకి పొయ్యిల్లేవేటి?" అంది అక్క.

నాకు నవ్వాగలేదు. కానీ ఆయన మొహం చూసి నవ్వు మింగేశాను. రెండేళ్ళుగా మూడు తాలూకాలు తిరిగి వెతికినది, రెండు పూటలా తనకి అన్నం ఉడికించి పెడుతున్న గొట్టమే. ఆయన దాన్ని అడగలేదు. గూట్లో పెట్టేసి బయటికొచ్చి కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్న అక్కే తెచ్చి ఒళ్ళో పడేసింది.

"తీస్కెళ్ళు. రేపు దీపాలేలకి నా గొట్టం నా గూట్లో ఉండాల."

"పైడితల్లి మీదొట్టు" అన్నాడు బావ.

నిప్పు వైపు ఉండే సన్నటి కొస నల్లగా మాడి ఉంది. చింతపండు, బూడిద పెట్టి తోమాడు. లోపల కర్ర బిరడా దిగ్గొట్టి, లక్క పోసి, తలకాయ బిగించాడు. అక్క నోరు పెట్టి ఊదే చోట పురికొస చుట్టి పిడి చేశాడు. "రోజూ నిప్పు తగిలి ఈ కొస మెత్తబడిపోనాది. సూసుకుని కొట్టాల" అని తనలో తను అనుకోవడం నేను విన్నాను. అంటే సంగతి ఆయనకి తెలుసు. ఇది గుర్తు పెట్టుకోండి.

పందెం చూడ్డానికి నేను కంచె బయట కూలి ఆడవాళ్ళతో నిలబడ్డాను. మేనేజరూ ఆయన స్నేహితులూ ఒక్కొక్కరికి సంచీ నిండా కర్రలు. మా బావకి ఒక్క ఊదుగొట్టం. చూసి వాళ్ళు నవ్వారు. మా బావ మొదటి దెబ్బ కొట్టాడు. బంతి ఎటుపోయిందో నాకు కనపడలేదు, నవ్వు మాత్రం ఆగిపోయింది. ఇంట్లో మాట సరిగ్గా పెగలని మనిషి, పంచె ఎగ్గట్టి అక్కడ నడుస్తుంటే వేరే ఎవరో అనిపించాడు. నేను నిర్ఘాంతపోయాను. ఇన్నాళ్ళూ పిచ్చి అనుకున్నది పనితనమా!

ఆఖరి గుంట మిగిలింది. మేనేజరు కంటే మా బావ ఒక్క దెబ్బ ముందున్నాడు. అప్పుడు ఆయన బంతి వెళ్ళి నేలలో పాతుకున్న ఒక రాయిని ఆనుకుని ఆగింది. బంతిని కొడితే కర్ర రాయికి తగలక తప్పదు.

"పక్కకి తోసీయండి బాబూ! ఒక దెబ్బ పోతాది, సమానమొస్తాది!" అని అరిచాడు మిల్లు కాపలాదారు గంగులు.

సమానమొస్తే మాత్రం ఏం, పరువుకి లోటేముంది? బావ కొస వైపు చూశాడు. తర్వాత కంచె వైపు, నా వైపు చూశాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన చూశాడు. చూసి కూడా కొట్టాడు!

టంగుమని మోగింది. బంతి లేచి, దొర్లుకుంటూ పోయి జెండా దగ్గర ఆగింది. తలకాయ ఒక పక్కకి ఎగిరిపోయింది. మా బావ చేతిలో కొస నొక్కుకుపోయిన గొట్టం మిగిలింది. ఆ ఆఖరి చిన్న దెబ్బకి మేనేజరే తన కర్ర ఇచ్చాడు. మా బావ గెలిచాడు. కూలీలు భుజాల మీదికెత్తారు. అంత ఎత్తున కప్పు పట్టుకున్న మనిషి మొహం చావింట్లో మొహంలా ఉంది. నాకు జాలి వెయ్యలేదు. ఒళ్ళు మండిపోయింది.

దీపాల వేళకి ఇంటికొచ్చాం. అక్క ఎసరు పెట్టి ఎదురు చూస్తోంది.

"నా గొట్టమేది?"

బావ కప్పునీ గొట్టాన్నీ పీట మీద పెట్టాడు. అక్క కప్పు వంక చూడలేదు. పురికొస విప్పేసి, నోట్లో పెట్టుకుని ఊదింది. గాలి రాలేదు. ఇంకోసారి ఊదింది. కొస పూర్తిగా మూసుకుపోయింది. గొట్టాన్ని మూల పెట్టింది. అటక మీంచి పాత జానెడు వెదురు ముక్క తీసుకుంది. పొయ్యి మీదికి వంగింది. పచ్చి కట్టెలు, పొగ గుప్పున లేచింది. కొంగుతో ఆ ఒక్క కన్నూ మూసుకుని ఊదడం మొదలుపెట్టింది.

గడప అవతల నిలబడ్డ బావని నేను చూస్తూనే ఉన్నాను. తిడదామని నోరు తెరిచాను. ఈలోగా ఆయన లోపలికి వచ్చేశాడు.

"లెగు" అన్నాడు.

"ఏటి?"

"లెగు సుభద్రా. నానూదుతాను."

వెదురు ముక్క లాక్కుని పొయ్యి ముందు కూలబడ్డాడు. రెండు ఊపిరులకే దగ్గు తెర వచ్చింది. కళ్ళ నీళ్ళు మీసాల మీదికి కారాయి. అత్త గుమ్మం దగ్గరకొచ్చి గుండెలు బాదుకుంది.

"ఓలమ్మో! మగోడివి పొయ్యూదుతావేట్రా! ఊర్లో తలెత్తుకోడానికి నేదా నాకు?"

"నువ్వు స్టవ్వు మీద వండింది తింతావేటే అమ్మా?" అన్నాడు బావ దగ్గుతూనే.

ఆ ఒక్క రాత్రికే అనుకున్నాను. తెల్లారి మళ్ళీ ఆయనే. సెలవులయ్యి నేను వెళ్ళేదాకా రెండు పూటలా ఆయనే. మిల్లులో అందరికీ తెలిసిపోయి 'పొయ్యి గుమాస్తా' అని పేరు పెట్టారు. పలికేవాడు.

వేసవిలో మళ్ళీ వెళ్ళాను. అక్క అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కన్ను తేటగా ఉంది. లోపల బావ పొయ్యి దగ్గరున్నాడు. ఆయన చేతిలో ఉన్నది చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. తళతళలాడే కొత్త ఉక్కు కాడ, నిలువునా పూర్తిది.

"కలకత్తా నుంచి తెప్పించినాడే. రెండు నెల్ల జీతం! పొయ్యూదుకోడానికి ఎవలైనా రెండు నెల్ల జీతం పోత్తారా?" అంది అక్క వెనక నుంచి.

ఆట కోసం రెండేళ్ళు మనసొప్పని డబ్బు అది. మూలన చూస్తే ఇనప తలకాయ తలుపుకి అడ్డంగా పెట్టి ఉంది. వచ్చే జనవరికి మళ్ళీ పందెం ఉందని మిల్లులో అందరూ అనుకుంటున్నారు.

"కాడొచ్చింది కదా బావా, తలకాయ పెట్టీలేదేటి?" అన్నాను.

ఆయన ఊదడం ఆపి, కళ్ళు తుడుచుకుని, నాకే మతి పోయిందన్నట్టు చూశాడు.

"తలకాయెడితే గాలెలాగొస్తాదే?" అన్నాడు.