ఉతికిన అంగీ

మా బడికి ప్రొజెక్టరు వచ్చిన రోజున హెడ్మాస్టరు దానికి కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, బీరువాలో దాచి తాళం వేశాడు. పెద్దసారు అనేవాళ్ళం ఆయన్ని. పైనుంచి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే దాన్ని బయటికి తీసి, తన తువ్వాలుతోనే తుడిచి, బల్ల మీద పెట్టేవాడు. వచ్చినవాళ్ళు చూసి తలూపి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. అది వెలుగుతుందా అని ఒక్కరూ అడగలేదు. అదీ మంచిదే అయింది, ఎందుకంటే దాన్ని వెలిగించడం మా ఆరుగురు టీచర్లలో ఎవరికీ రాదు.

నాకూ రాదు. రోజూ జగిత్యాల నుంచి బస్సులో కోరుట్ల వచ్చి, అక్కడ ఆటో ఎక్కి బడి ఉన్న ఊరికి పోయి సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. "సుద్దముక్క ఉంటే సాలు, గీ డబ్బాలు ఎవనికి గావాలె" అని స్టాఫ్‌రూములో గొంతు పెంచి అనేదాన్ని. చేతకాని పనిని తిట్టుకుంటూ కూర్చుంటే చూసేవాళ్ళకు అదేదో గొప్ప సిద్ధాంతంలా కనిపిస్తుంది. నేను దాని మీదే చాలాకాలం బతికాను.

ప్రొజెక్టరు వాడకం మీద జగిత్యాలలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. రెండు రోజులు కరెంటు లేదు. మూడో రోజు ఒకాయన తెర మీది అక్షరాలన్నీ మాకు చదివి వినిపించాడు, మాకు చదువు రానట్టు. వెనక వరుసలో ఇద్దరు సార్లు నిద్రపోయారు, ముందు వరుసలో నలుగురు ఆయనతో ఫోటో దిగారు. చివర్లో అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నిద్రపోయినవాళ్ళను లేపి మరీ ఇచ్చారు.

ఆ సర్టిఫికెట్ చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఫోనులో వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఏ తీగ ఎక్కడ పెట్టాలి, ఫోనులో ఉన్నది గోడ మీదికి ఎలా ఎక్కించాలి, మ్యాపును ఎలా దగ్గరికి లాగాలి. నెల తిరిగేసరికి పెద్దసారు దగ్గర తాళంచెవి గుంజుకున్నాను. ఏడో తరగతి గోడ మీద నైలు నది పారింది. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. నాకు కొమ్ములు మొలిచాయి. తక్కిన టీచర్లను చూసి జాలిపడడం కూడా మొదలుపెట్టాను.

అప్పుడు వచ్చింది ఎడారుల పాఠం. ఆ క్లాసులో సగం మంది తండ్రులు గల్ఫ్‌లోనే ఉన్నారు. బోర్లు ఎండిపోయి కొందరు, ఊళ్ళో పని దొరక్క కొందరు పోయారు. పుస్తకంలో ఒంటె బొమ్మ చూపించే బదులు ఎడారిలో ఉన్న మనిషితోనే మాట్లాడిస్తే ఎలా ఉంటుందనిపించింది. ఆలోచన మంచిదే, దాని వెనకున్న బుద్ధి మాత్రం మంచిది కాదు. శుక్రవారం జగిత్యాల నుంచి విద్యాశాఖ అధికారి వస్తున్నాడు, ఆయన ముందు వెలిగిపోవాలి, అంతే నా ఆశ.

ఎవరి తండ్రితో మాట్లాడదామని అడిగాను. ఒకడు "మా బాపు కూలి" అన్నాడు. ఇంకొకడు "మా బాపు సిమెంటు పని" అన్నాడు. రెండో వరుసలో ఒక అమ్మాయి, అన్నింట్లో ముందుండేది, "మా బాపు ఆఫీసుల పని చేస్తడు, ఏసీ ఉంటది" అంది. అధికారికి చూపించడానికి ఆఫీసే బాగుంటుందని ఆ అమ్మాయిని ఎంచుకున్నాను. శుక్రవారం ఇంటి ఫోను తెమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు.

శుక్రవారం పదకొండింటికి అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఫోనుకు తీగ పెట్టాను. తండ్రికి వీడియో చెయ్యమనగానే దాని మొహం మారింది.

"గిప్పుడొద్దు మేడం. పొద్దూకినంక చేద్దాం. గిప్పుడు బాపు పనిల ఉంటడు."

"శుక్రారం పనేంది? అక్కడ గియ్యాల సెలవు. సోషల్ చెప్పేది నేను, నాకే చెప్తున్నవా?" అన్నాను. అధికారి నవ్వాడు. నేను వేలితో నొక్కేశాను.

రెండు మోతలకే ఎత్తాడు. గోడ మీద నిలువెత్తు మనిషి. తలకు గుడ్డ, పగిలిన పెదవులు, భుజం దగ్గర చిరిగిన అంగీ, చేతిలో నీళ్ళ పైపు. వెనక రేకుల పాక, దాని నిండా మేకలు. అతను మమ్మల్ని చూడలేదు, ఫోనును మొహానికి ఆనించుకుని అడుగుతున్నాడు.

"ఏమైంది బిడ్డా? అవ్వ మంచిగున్నదా? ఏమైందో చెప్పు బిడ్డా, ఏడ్వకు, చెప్పు."

అవ్వ అంటే అతని తల్లి. ఆర్నెల్లుగా మంచంలో ఉందట, నాకు తర్వాత తెలిసింది. వేళ కాని వేళలో ఇంటి నుంచి ఫోను వస్తే గల్ఫ్‌లో ఉన్నవాడికి తోచేది ఒక్కటే. అది ఆ ఊళ్ళో రెండో తరగతి పిల్లకైనా తెలుసు. పద్దెనిమిదేళ్ళు అదే పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు తెలియలేదు.

పిల్లలు మేకల్ని చూసి నవ్వారు. వెనక నుంచి అధికారి "సూపర్ మేడం, చాలా న్యాచురల్‌గా ఉంది" అంటూ టకటకా ఫోటోలు తీశాడు. ఆ అమ్మాయి లేచి వచ్చి తీగ పీకేసింది. ఫోను పట్టుకుని వరండాలోకి పోయి, "ఏం గాలే బాపు, అవ్వ మంచిగనే ఉన్నది. మా మేడం చెయ్యమన్నది" అని చెప్పడం నాకు వినిపించింది. తర్వాత వచ్చి తన చోట కూర్చుని, బడి విడిచేదాకా పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సోమవారం నుంచి రాలేదు. ఈలోపు ఆ ఫోటో పెద్దసారు చేతికొచ్చింది, ఆయన మురిసిపోయి బడి గ్రూపులో పెట్టాడు. ఊరంతా చూసింది. క్లాసులో మగపిల్లలు దాని ఖాళీ చోటు వైపు తిరిగి మేకల్లా అరిచారు. అరిచినవాళ్ళ తండ్రులేమీ అక్కడ సింహాసనాల మీద లేరు. వాళ్ళను తిట్టడానికి నోరు తెరిచాను, ఏ మొహం పెట్టుకుని తిట్టాలో తెలియక మూసుకున్నాను.

వారం తర్వాత ఆ అమ్మాయి ఇంటికి పోయాను. తల్లీ కూతురూ గుమ్మం దగ్గర ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. "కూసోండ్రి మేడం" అంది తల్లి, చేతులు ఆపకుండా.

"ఆయన మేకల కాడ ఉన్నడని మాకు ఎర్కే. ఏజెంటు ఆఫీసుల పని అన్నడు, దిగినంక మేకల కాడికి తోలిండ్రు. పొద్దూకినంక మొఖం కడుక్కొని, ఉతికిన అంగీ తొడుక్కొని, ఓనరింటి తెల్లగోడ కాడ నిలవడి వీడియో చేస్తుండె. ఇరుగుపొరుగోళ్ళు వచ్చి మాట్లాడుతుండ్రి. గిప్పుడు ఒట్టి మాటలే మేడం. మొఖం చూపియ్యమంటే చూపిస్తలేడు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. కూతురు తునికాకు కత్తిరిస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"గా ఫోటో తీసేయిస్తరా మేడం?"

"తీసేయిస్త."

"తీసేసినంక బడికస్త."

చుట్టడంలో దాని వేళ్ళు అప్పటికే తల్లి వేళ్ళంత చురుగ్గా ఆడుతున్నాయి. ఇంకో నెల ఆగితే అది బడికి రాదని నాకు అర్థమైంది. ఆ ఊళ్ళో చాట ఒడిలోకి వచ్చాక మళ్ళీ పుస్తకం పట్టిన పిల్లను నేను చూడలేదు.

ఫోటో తీసేయించడమంటే గోడ మీది కాగితం చింపినట్టే అనుకున్నాను. పెద్దసారు గ్రూపులోంచి తీసేశాడు, అప్పటికే అది ఎందరి ఫోన్లలో ఉందో లెక్కలేదు. జగిత్యాల పోయి అధికారిని అడిగాను. ఆయన నేను సన్మానం కోసం వచ్చాననుకున్నాడు.

"తీసుడేంది మేడం, మీ ఫోటో జిల్లా దాటిపోయింది. వచ్చే వారం సిరిసిల్లల మీటింగున్నది, మీరే మాట్లాడాలె."

ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది. దాచి ఏం లాభం, కలిగింది. బస్టాండుకు నడిచి వస్తూ ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించాను. ఇన్నాళ్ళూ నిద్రపోయే సార్లను, ఫోటోలు దిగే సార్లను చూసి అసహ్యించుకున్నదాన్ని, ఆ రోజు వాళ్ళకంటే నీచంగా కనిపించాను నాకు నేనే.

సిరిసిల్లలో టీచర్లతో హాలు నిండింది. శాలువా కప్పారు. తెర మీద ఆ ఫోటో వేశారు, మా బడి గోడ మీదికంటే పెద్దగా. భయంతో తెరుచుకున్న అతని నోరు, చిరిగిన భుజం, మేకలు. పైన పెద్ద అక్షరాలు, "సరిహద్దులు చెరిపిన తరగతి గది". జనం చప్పట్లు కొట్టారు. నేను మైకు దగ్గరికి పోకుండా ప్రొజెక్టరు దగ్గరికి పోయి తీగ పీకేశాను. తర్వాత మైకు పట్టుకున్నాను.

"గీయన తన తల్లి సచ్చిపోయిందేమోనని భయపడుతున్నడు గీ ఫోటోల. ఆయనను అడగకుండ నేను చూపిచ్చిన. తప్పు చేసిన. మీ ఫోన్లల్ల ఉంటే తీసేయండ్రి."

మూడో వరుసలో ఒకాయన లేచాడు. ఏదో అడుగుతాడని చూశాను. భోజనాలు ఇప్పుడా, ఇంకో క్లాసు అయ్యాకా అని అడిగాడు.

మర్నాడు ఆ అమ్మాయి ఇంటికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఒక్కకాడనే ఆపిన బిడ్డా. మిగిలింది నా చేతుల లేదు. నీకు మాటిచ్చేటప్పుడు గా సంగతి నాకు తెల్వది."

"తీగ మీరే పీకిండ్రా?"

"నేనే."

చుడుతున్న బీడీకి దారం కట్టి చాటలో పడేసింది. సోమవారం బడికి వచ్చింది. చివరి వరుసలో కూర్చుంది.

ప్రొజెక్టరును నేను మళ్ళీ బీరువాలో పెట్టలేదు. ఇప్పటికీ నదులు పారిస్తాను, కొండలు ఎక్కిస్తాను. తండ్రులు తమకు వీలైనప్పుడు, తమకు తోచింది గొంతు రికార్డు చేసి పంపితే క్లాసులో వినిపిస్తాను. మొహాలు అడగను. రోజూ పైకి పంపాల్సిన తరగతి ఫోటో వెనక నుంచి తీస్తాను, జడలు, వీపులు, నల్లబల్ల. పిల్లల మొహాలు కనబడడం లేదని రెండు మెమోలు వచ్చాయి. వాటిని ఆ శిక్షణ సర్టిఫికెట్ పక్కనే పెట్టుకున్నాను.

ప్రతి శుక్రవారం సాయంత్రం బడి విడిచాక ఆ అమ్మాయిని ఒక్కటే అడుగుతాను, బాపు వీడియో చేసిండా అని. మొదట్లో లేదని తల ఊపేది. ఒకసారి నా మొహంలో ఏం కనిపించిందో, ఆగి నా వైపు చూసింది.

"చేస్తనన్నడు మేడం. అంగీ ఉతికి ఆరేసిండట. ఆరినంక చేస్తడట."

ఇన్నాళ్ళూ తండ్రి కోసం అబద్ధం ఆడింది, ఇప్పుడు నా కోసం ఆడుతోంది. మంచిది బిడ్డా అన్నాను. ఎడారి ఎండలో అంగీ ఆరడానికి ఎంతసేపు పడుతుందో సోషల్ టీచరుకు తెలియదా.